తుపాకి వంతు

పోయిన నెల ఒక పొద్దున బడికి బయలుదేరి చెప్పులు వేసుకుంటూ ఉంటే మా అమ్మ ఫోన్ చేసింది. "పెద్దనాయన పోయినాడు పాపా. నిద్దట్లోనే. నువ్వు నిదానంగా రా, బండి తొందరగా తోలొద్దు" అని చెప్పి పెట్టేసింది. ఏడుపు వస్తే ఫోన్ పెట్టేయడం మా అమ్మ పద్ధతి. నేను అలాగే మెట్టు మీద కూర్చుండిపోయాను. మదనపల్లెలో ఆ పూట మబ్బు పట్టి చల్లగా ఉంది. ఇలాంటి పొద్దునే ఆయన తుపాకి భుజాన వేసుకుని గుట్ట వైపు పోతూ మా వాకిట్లో ఒక్క దగ్గు దగ్గేవాడు. 'నేను లేచాను, మీరూ పనిలో పడండి' అన్నట్టు.

నిజానికి ఆయన మాకు చుట్టం కాదు. పుంగనూరుకు అవతల, పెద్దపంజాణి వైపు పోయే దారిలో మా ఊరు. మా పక్కిల్లు ఆయనది. మా నాయన ఆయన్ను అన్నా అని పిలిచేవాడు, కాబట్టి మాకు పెద్దనాయన. ఊరికి మాత్రం తుపాకాయన. భూమి ఉంది, బోరు ఉంది, చెనిక్కాయలు పండించేవాడు, పంచాయితీల్లో మాట చెల్లేది. అయినా ఎవరికీ అవేవీ గుర్తుకు రావు, తుపాకే గుర్తుకొస్తుంది.

ఆ తుపాకి కుప్పంలో అత్తగారింటి నుంచి వచ్చింది. పెళ్లిచూపులకు పోయినప్పుడు పెళ్లికూతురి కన్నా ముందు గోడకు తగిలించిన జంట గొట్టాల తుపాకి ఆయన కంట్లో పడిందట. ఈ కథ మా పెద్దమ్మ చెప్పాలి, మనం వినాలి.

"నన్ను సూసింది యాడమ్మా! గోడ తట్టు సూసి సరే అన్నాడు. మా నాయన ఉంగరం పెడతానంటే వద్దన్నాడు, రేడియో ఇస్తానంటే వద్దన్నాడు. కడాకు మా నాయనే అన్నాడు, 'బిడ్డా తుపాకీ ఒకే దినం ఇల్లు దాటకూడదప్పా. ముందు బిడ్డను బాగా సూసుకో, తుపాకి సంగతి తర్వాత సూద్దాం' అని."

ఏడాది తిరిగాక పుట్టింటికి వచ్చిన కూతురి మొహం చూసి ఆ కుప్పం పెద్దమనిషికి నమ్మకం కుదిరింది. లైసెన్సు పనులు జరిపించి తుపాకి అల్లుడి చేతిలో పెట్టాడు. "అంటే నేను నవ్వుతా పోయినందుకు వచ్చిన తుపాకి అది" అని పెద్దమ్మ దర్జాగా ముగించేది. పక్కనే కూర్చున్న పెద్దనాయన మీసం కింద నవ్వుకునేవాడు తప్ప కాదనేవాడు కాదు.

వేట తుపాకుల మాట ఎత్తితే ఆయనకు ఆకలిదప్పులు ఉండేవి కావు. వాళ్ల నాయన వాడిన, మందు కూరి పేల్చే నాటు తుపాకిని ఒక్క మాటతో తీసిపారేసేవాడు. "అది మోసేదానికి ఒకడు, పేల్చేదానికి ఒకడు, పేలకపోతే తిట్టేదానికి ఒకడు కావాల." చెవులపిల్లికి ఒంటి గొట్టం తుపాకి చాలని ఒప్పుకునేవాడు గానీ, కౌజు పిట్టలకూ పూరేడు పిట్టలకూ మాత్రం జంట గొట్టాలదే. గొట్టం కొలత పన్నెండు బోరు కావాలి, తేలికగా ఉండాలి, బొటనవేలితో వెనక్కి లాగే గుర్రాలు రెండూ పైకి కనిపించాలి. కుడి గొట్టం సీసపు రవ్వలను వెడల్పుగా చల్లుతుంది, కాళ్ల దగ్గర బుర్రుమని లేచిన కౌజుకు అది. ఎడమ గొట్టం కొస కొంచెం బిగువు, రవ్వలు దగ్గరదగ్గరగా పోతాయి, దూరం పోయిన పిట్టకు అది. "తుపాకిని మనం చెంపకు తెచ్చుకోకూడదు. అదే వచ్చి చెంపన కూసోవాల" అనేవాడు.

పుంగనూరులో ఆయన స్నేహితుడొకాయన వరసగా అయిదు తూటాలు పేలే కొత్త తుపాకి కొని, చూపించడానికి పనిగట్టుకుని వచ్చాడు. పెద్దనాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎత్తి చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చాడు. "బాగుండాదప్పా. అయిదు సార్లు తప్పొచ్చు" అన్నాడు. ఆ పెద్దమనిషి ఆ పూట కాఫీ కూడా సరిగా తాగలేదు.

ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు తుపాకిని మధ్యకు విరిచి, గొట్టాలు ఖాళీగా ఉన్నాయని చూపించాకే గడప దాటేవాడు. "తుపాకి నోరు తెరుసుకోని రావాల, మనిషి నోరు మూసుకోని రావాల" అనేది ఆయన సూత్రం. కూర్చున్న పిట్టను కొట్టడం వేట కాదు, దొంగతనం అనేవాడు. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే కౌజు కనబడితే తుపాకి దించేసేవాడు. ఇంకో మాట ఉంది. దాన్ని నేను ఈనాటికీ నా క్లాసులో వాడుకుంటాను: "రెండో గొట్టం ఉండాదని మొదటిదాన్ని అలుసు సేయొద్దు." సప్లిమెంటరీ ఉంది కదా అని పరీక్షకు చదవని పిల్లలకు ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఇదంతా చెప్పింది ఆయన గొప్ప వేటగాడని చాటడానికి కాదు. గురి బాగా కుదిరినవాళ్లు ఆ రోజుల్లో మా వైపు ఊరికొకరు ఉండేవాళ్లు. నేను చెప్పాల్సింది మా ఇంటి సంగతి.

మా నాయన పోయేటప్పటికి నేను చిన్నబడిలో చదువుతున్నాను, తమ్ముడు ఇంకా చంకదిగని పిల్లాడు. అమ్మ కుట్టుమిషను మీద ఊళ్లోవాళ్ల రవికలు కుట్టి మమ్మల్ని సాకింది. సంకటి, నంజుకోను రోట్లో నూరిన ఊరుబిండి, మళ్లీ సంకటి. తమ్ముడు ఈడుకు తగ్గట్టు ఎదగడం లేదని ఊరంతా చూస్తూనే ఉంది. సాయం చేద్దామనుకున్నవాళ్లు లేకపోలేదు. కానీ మా అమ్మతో అది అయ్యే పని కాదు. సొంత అన్న తంబళ్లపల్లె నుంచి బియ్యం మూట పంపిస్తే, తెచ్చిన బండి మీదనే తిప్పి పంపింది. "ఈ పొద్దు తీసుకుంటే రేపు తలొంచుకోవాల. తలొంచితే మళ్లా లేసేది కష్టం" అంది. ఆమె మాట తప్పని నేను అనను. కానీ ఆ మాటకు, తమ్ముడి కడుపుకు మధ్య దారి ఎట్లాగో ఆమెకూ తెలియదు. అన్నం తినకుండా మా ఇద్దరి వైపు చూస్తూ కూర్చున్న పూటలు నాకు గుర్తున్నాయి.

అప్పుడొక దినం పెద్దనాయన మా గడప ముందు నిలబడ్డాడు, తుపాకి నోరు తెరిచి పట్టుకుని.

"మ్మా, మిషను నూనె రెండు చుక్కలు పోస్తావా? ఈ గుర్రాలు బిగుసుకోని ఉండాయి."

అమ్మ నూనె డబ్బా ఇచ్చింది. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని గుర్రాలకు, కీలుకు చుక్కలు వేసి, గుడ్డతో తుడిచి వెళ్లిపోయాడు. నూనె డబ్బా పుంగనూరులో ఏ సైకిలు షాపులోనైనా దొరుకుతుందని నాకు అప్పుడు తట్టలేదు. ఆ వారంలోనే ఒక సాయంకాలం శుభ్రం చేసిన కౌజు పిట్టలను మోదుగాకులో చుట్టి తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"ఇదేంది బావా?" అంది అమ్మ, చెయ్యి ముందుకు రాకుండానే.

"తుపాకి వంతు. వేట పంచేటప్పుడు కాల్చినోడికి ఒకటి, పొదలు తట్టినోళ్లకు తలా ఒకటి, కుక్కకు ఒకటి, తుపాకికి ఒకటి తీస్తాం. తుపాకి తినదు గదా. నూనె పోసి సాకినోళ్లకే ఆ వంతు."

"మాకు యాల బావా..."

"ఇచ్చేది నేను కాదుమ్మా. వద్దనుకుంటే దానికే చెప్పుకో" అని తుపాకి వైపు చూపించాడు.

మా అమ్మ తుపాకి వైపు చూసింది. పొట్లం వైపు చూసింది. సొంత అన్న పంపిన మూటను వెనక్కి పంపిన మనిషి ఆ పొట్లం అందుకుని లోపలికి పోయింది. ఆ పూట మా ఇంట్లో మిరియాలు నూరిన వాసన వీధి దాకా పోయింది.

ఆ తర్వాత అదొక ఆచారం అయిపోయింది. వేటకు ముందు నూనె, వేట తర్వాత వంతు. ఒక్కోసారి చెవులపిల్లి తొడ, ఒక్కోసారి పూరేళ్లు. నమిలేటప్పుడు పంటికి సీసపు రవ్వ తగిలి టక్కుమంటే తమ్ముడికి పండగే, తీసి నాకు చూపించి మురిసిపోయేవాడు. వాడి బుగ్గలు ఆ చలికాలంలోనే నిండాయి. ఇప్పుడు వాడు బెంగళూరుకు టొమాటో లారీలు నడిపిస్తున్నాడు, మనిషి ద్వారానికి అడ్డం నిలబడితే వెలుతురు రాదు. అందులో కౌజు పిట్టల వాటా ఎంతో నేను చెప్పలేను గానీ, ఉంది.

వంతు ఒక్కటే అయితే నేను ఇంత రాయను. ఆయుధపూజ ఒకటుంది. నాయన పోయినాక మా అమ్మ బొట్టు, పూలు ముట్టడం మానేసింది. ఊరి పద్ధతి అది. కుట్టుమిషనుకు నేనే పసుపు పూసేదాన్ని, అమ్మ పక్కకు తప్పుకునేది. వంతు మొదలయ్యాక వచ్చిన పండక్కి పెద్దనాయన, పెద్దమ్మ పట్టపగలు అందరూ చూస్తుండగా తుపాకి తీసుకుని మా ఇంటికి వచ్చారు. దాన్ని కుట్టుమిషను పక్కన ఆనించి ఆయన అన్నాడు, "రెండూ ఒకే నూనె తాగే ఇనుములు. పూజ ఒకసోటే సేయాల. నువ్వు సెయ్యి మ్మా."

"నేను ముట్టకూడదు గదా బావా."

"తుపాకి వంతు తినేది నువ్వు. బొట్టు ఇంగెవురు పెడతారు?"

వీధిలో ఎవరో సణిగారు. పెద్దమ్మ కుంకుమ గిన్నె తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, సణిగిన వైపు తిరిగి, "మా పుట్టింటి తుపాకి. మా ఇష్టం" అంది. అమ్మ వేలు గిన్నెలో ముంచింది. మొదటి బొట్టు తుపాకి కొయ్య మీద వంకరగా పడింది, రెండోది మిషను మీద సరిగ్గా పడింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అమ్మే పెట్టింది. ఇంకెవరూ సణగలేదు.

కొన్నాళ్లకు చిన్న వేట కూడా పూర్తిగా నిషేధమైపోయింది. చాలామంది చాటుగా పోయేవాళ్లు. ఆయన పోలేదు. "కౌజులకు సెలవు దొరికింది, మనకూ దొరికింది" అని తూటాలు పెట్టెలో పెట్టేశాడు. పంట కాపలా కోసం మాత్రం తుపాకి ఉంచుకోనిచ్చారు. చెనిక్కాయ చేలో పందులు పడితే ఆకాశంలోకి ఒక దెబ్బ పేల్చేవాడు, అంతే. మా అమ్మ లోలోపల అనుకుని ఉంటుంది, ఇక వంతు లేదని. చెనిక్కాయలు ఒలిచే కాలంలో ఒక మూట వచ్చింది.

"వేటే లేదు, తుపాకికి వంతు యాడిది బావా?"

"కాపలా కాస్తాండాది గదమ్మా. కూలి అడగదా?"

ఎన్నికలు వస్తే ఊళ్లలోని తుపాకులన్నీ పుంగనూరు స్టేషన్లో అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. ఆ నెలల్లో అమ్మ గట్టిగా నిలదీసింది. తుపాకే ఇంట్లో లేదు కదా అని. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "స్టేషన్లో ఉన్నోళ్లకు కూడా ఇంటి కూడు పోవాల్నా వద్దా?" అన్నాడు. మా అమ్మ నవ్వు ఆపుకోలేక మూట లోపలికి తీసుకుంది.

నేను టీచరు ట్రైనింగుకు పోయేదాకా అట్లాగే జరిగింది. నాకు ఉద్యోగం వచ్చిన నెల అమ్మ ఆయన ముందు నిలబడి, "ఇంగ తుపాకి వంతు మీరే తినండి బావా" అంది. ఆయన సరే అన్నాడు. ముసలితనంలో కొడుకు కొనిచ్చిన చేతికర్రలన్నీ ఎత్తి చెంపకు ఆనించి చూసి, తూకం సరిలేదని పక్కన పెట్టేవాడు. కర్ర లేకుండానే తిరిగాడు, పడకుండానే పోయాడు.

దినకర్మ అయిపోయాక తుపాకి సంగతి వచ్చింది. లైసెన్సు ఆయనతో పోయింది, పిల్లలెవరికీ తుపాకి అక్కర లేదు. కాగితాల పని కొడుకు చూశాడు. అప్పగించేది మాత్రం తానేనని పెద్దమ్మ పట్టుబట్టింది. "మా నాయన ఇంట్లో నుంచి తెచ్చుకున్నాను. నేనే ఇస్తాను." మా అమ్మ తోడు బయలుదేరింది, నేను ఆటో మాట్లాడి వాళ్లతోనే ఎక్కాను. తుపాకిని పెద్దమ్మ పాత చీరలో చుట్టి, ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పడుకోబెట్టుకుని పుంగనూరు దాకా వచ్చారు. స్టేషన్లో కుర్ర కానిస్టేబులు రెండు చేతులతో అందుకుని, "బరువే లేదే అవ్వా!" అన్నాడు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ, "అందుకే నాయనా ఆయనకు ఇష్టం" అంది.

తిరుగు దారిలో చెనిక్కాయ చేలు మొదలయ్యాక పెద్దమ్మ నోరు విప్పింది.

"నీ కాడ ఒక మాట దాసినామమ్మా. తుపాకి వంతు అనేది తుపాకి ఎవురిదో వాళ్లదే. మా కుప్పం తట్టూ అంతే, ఈడా అంతే. నూనె పోసినోళ్లకిచ్చేది యాడా లేదు. ఆయన కట్టిన మాట అది."

మా అమ్మ తల తిప్పకుండానే చెప్పింది. "ఆ పొద్దే తెలుసక్కా. మా నాయనా వేటకు పోయినోడే గదా."

"తెలిసే తీసుకుంటివా!"

"ఇచ్చేవాళ్లు శానామంది ఉండారక్కా. తీసుకునే మాదిరి ఇచ్చింది ఆయనొక్కడే. అంత కష్టపడి అబద్ధం కట్టుకోని వచ్చిన మనిషిని వాకిట్లో నుంచి ఎట్ల పంపేది?"

పెద్దమ్మ ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆమె ఒళ్లో ఆ పాత చీర ఖాళీగా పడి ఉంది, గాలికి ఎగురుతోంది. ఒక కొస మా అమ్మ పట్టుకుంది, ఇంకో కొస పెద్దమ్మ పట్టుకుంది. ఆటో గుంతల్లో ఎగిరెగిరి పడుతుంటే కొసకు కొస కలిపి మడత పెట్టడం మొదలుపెట్టారు. మడతల మధ్య గాలి దూరి, లోపల ఇంకా ఏదో పడుకుని ఉన్నట్టు చీర నిడివినా ఉబ్బుతోంది. ఇద్దరూ అరచేతులతో దాన్ని మెల్లగా అదుముతూ, ఊరొచ్చేదాకా మడిచారు.