గేటు తీసేసి చెప్పండి

మా లెక్కల మేడం పోయారు. మొన్న పొద్దున కుప్పంలో నా టైలరింగ్ కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఫోన్ మోగింది. చేసినవాడు బడిలో నాకంటే రెండేళ్లు చిన్న, ఇప్పుడు ఆర్టీసీ బస్సు కండక్టరు. "అక్కా, మేడం పోయిందక్కా. నిద్దట్లోనే పోయిందంట. మజ్జానం మదనపల్లెలోనే మట్టి" అన్నాడు. వెంటనే, "నీ లెక్క గుర్తుండాదా?" అని అడిగాడు.

"మూడు వేల తొమ్మిదొందల అరవై తొమ్మిది" అన్నాను. ఏడుస్తూనే అన్నాను గానీ ఒక్క అంకె తడబడలేదు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లం మేం అట్లాగే ఉంటాం.

ఆ అంకె మా బడి కాంపౌండు గోడకు కావలసిన సిమెంటు ఇటుకల లెక్క. మేము తొమ్మిదో తరగతిలో వేసిన లెక్క. అప్పటికి ఆ గోడ లేదు.

పుంగనూరు దగ్గర మా హైస్కూలు. ముందు బిల్డింగు, వెనక మైదానం. మైదానానికి మూడు పక్కలా ఏ అడ్డూ లేదు. మేడం మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి పక్క వీధిలో పుట్టి పెరిగిన మనిషి. రోజూ బస్సులో వచ్చేవారు. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగే బెత్తం, ఆ గొడుగే స్కేలు. పాఠం మొదలుపెట్టేటప్పుడు పుస్తకం భాషలోనే మొదలుపెట్టేవారు. లెక్క రుచిలో పడ్డాక మా ఊరి మాట వచ్చేసేది.

పాఠ్యపుస్తకంలో ఒక గోడ లెక్క ఉండేది. ఇంత పొడవు, ఇంత ఎత్తు, ఇటుకలెన్ని అని. మేడం అది పైకి చదివి పుస్తకం మూసేశారు. "ఈ గోడ యాడుండాది? మీలో ఎవురన్నా సూసినారా?"

"లేదు మేడం."

"నేనూ సూళ్లేదు. ఎవురూ సూడని గోడకు మనమెందుకు ఇటుకలు లెక్కేయాల? లెయ్యండి. మన గోడకు లెక్కేస్తాం."

"మనకు గోడే లేదు గదా మేడం!"

"లేని గోడకే గదమ్మా ఇటుకలు కావాల్సింది" అన్నారు.

మా క్లాసు తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక సిమెంటు ఇటుక అడ్డం పెట్టి ఉండేది. పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు. దాన్ని మాలో ఒక్కొక్కరి చేతా ఎత్తించారు. తర్వాత దాన్నే వరండా బండమీద పెట్టి, చుట్టూ చాక్‌పీసుతో గీసి, పక్కకు జరిపి మళ్లీ గీయించారు. మూడు ఇటుకలు పక్కపక్కన పెడితే నాలుగడుగులు వచ్చింది. ఒకదానిమీద ఒకటి మూడు పెడితే రెండడుగులు. "ఇంతే. ఇంక మీరు కోటకైనా లెక్క సెప్పొచ్చు" అన్నారు.

డ్రిల్లు మాస్టరు లాంగ్‌జంప్ టేపు తెచ్చి మూడు పక్కలా కొలిచాం. మొత్తం ఆరు వందల అడుగులు. నాలుగడుగులకు మూడు చొప్పున ఒక వరసకు నాలుగు వందల యాభై. ఆరడుగుల ఎత్తుకు తొమ్మిది వరసలు. "నాలుగు వేల యాభై!" అని క్లాసంతా ఒకటే అరుపు. మేడం మెచ్చుకోలేదు. గొడుగు నేలకు ఆనించి, "బాగుండాది. రేపు బడికి ఎట్లొస్తారు? గోడ దూకుతారా?" అన్నారు.

అందరం తల గోక్కున్నాం.

"గేటు తీసేసి చెప్పండి."

పన్నెండడుగుల గేటు. వరసకు తొమ్మిది, తొమ్మిది వరసలకు ఎనభై ఒకటి. తీసేస్తే మూడు వేల తొమ్మిదొందల అరవై తొమ్మిది. దించేటప్పుడు పగిలేవి కూడా కలపాలి గదా అని నేను తెలివి చూపించబోతే, "తరుగు వేరేగా పెట్టుకో. గోడ గోడే, తరుగు తరుగే. రెండూ కలిపితే రేపు యాడ పోయిందో తెలీదు" అన్నారు. ఈనాటికీ యూనిఫారాలకు గుడ్డ లెక్క వేసేటప్పుడు కత్తిరింపులో పోయేది నేను విడిగానే రాసుకుంటాను.

మా తర్వాత కూడా ఏటా తొమ్మిదో తరగతి చేత అదే పని చేయించారు. మేడం ఎక్కడ కనిపించినా బాగున్నావా అని అడిగే అలవాటు లేదు. "మీ గోడ ఎంత?" అని అడిగేవారు. సంతలో అడిగారు, బస్సులో అడిగారు. నా పెళ్లిలో అక్షింతలు వేస్తూ కూడా అడిగారు. నేను టక్కున చెప్పేసరికి పెళ్లికొడుకు బిత్తరపోయాడు. పుట్టింటివాళ్లు ఏదో దాచిపెట్టారని ఆయనకు చాలాకాలం అనుమానం.

మైదానం వెనక వైపు టమాటా ట్రేల షెడ్డు ఉండేది. నేను త్రోబాల్ ఆడేదాన్ని, బాగానే ఆడేదాన్ని. బంతి కాస్త గట్టిగా పడితే షెడ్డు వైపు లారీల కిందికి పోయేది. తెచ్చుకోవడానికి వెళ్తే డ్రైవర్లు బంతి వెనక దాచిపెట్టి, "పేరు సెప్పు, ఇస్తా" అని పళ్లికిలించేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు మేడం గొడుగు పట్టుకుని లారీ దగ్గరికి నడిచారు. బంతి దానంతటదే దొర్లుకుంటూ బయటికి వచ్చింది.

మా మరుసటేడు పిల్లల లెక్క మూడు వేల ఎనిమిదొందల ఎనభై ఎనిమిదే వచ్చిందట. తప్పేశారనుకుని మేడం తనే టేపు పట్టుకుని మళ్లీ కొలిచారు. తప్పు లేదు. ట్రేల దొంతరలు ఆరడుగులు మైదానంలోకి వచ్చి కూర్చున్నాయి. హెడ్మాస్టరుతో చెబితే, "హద్దు రాళ్లు కనపడవు మేడం, ఏమని అడిగేది?" అన్నారు. మరుసటేడు ఇంకో ఆరడుగులు. చివరికి త్రోబాల్ కోర్టు లారీలు తిప్పుకునే చోటైంది. ఆడపిల్లలు ఆటల పీరియడులో క్లాసులోనే కూర్చోవాలని చెప్పేశారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు. మేడం రిటైరైపోయారు, మైదానం మాత్రం ఏటా కాస్త కాస్తగా తగ్గుతూనే వచ్చింది.

కొన్నేళ్ల కిందట బడికి కాంపౌండు గోడ మంజూరైంది. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకటే పండగ. దండాలు, పూలు, చప్పట్లు. ఆ రోజే మేడం నాకు ఫోన్ చేశారు.

"ఇటుకలెన్నో కనుక్కున్నావా?"

"లేదు మేడం."

"మూడు వేల ఐదొందల అరవై నాలుగంట. మీ లెక్కకు నాలుగొందల ఐదు తక్కువ. అంటే ముప్పై అడుగుల నేల గోడకు అవతల ఉండిపోతాది. ఇన్నాళ్లూ గోడ లేదు కాబట్టి అడగొచ్చు. కట్టేసినాక అదే హద్దు. ఇంక ఏ ఆడపిల్లా ఆడ ఆడదు. రేపు రామ్మా."

వెళ్లాను. కుప్పం నుంచి, పలమనేరు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చాం. ఇంజనీరు చిన్నవాడు, ఊరికి కొత్త. తనకు కనిపించిన నేలను కొలిచి నేలమీద సున్నంతో గీత వేసి ఉంచాడు. సర్పంచి ఉన్నాడు, ఊరి పెద్దలు ఉన్నారు. షెడ్డు యజమాని కుర్చీ తెప్పించుకుని మరీ కూర్చున్నాడు.

"నేను యాడ జరిపినాను టీచరమ్మా? కూలోళ్లు ట్రేలు పెడతాంటారు, తీస్తాంటారు. అవే జరిగింటాయి" అన్నాడాయన.

"ట్రేలు నడిసినాయాప్పా?" అని మేడం అడిగారు. జనం నవ్వారు.

"నవ్వితే సరిపోతాదా? సాక్ష్యమేముండాది?"

"నా పిల్లోళ్లుండారు" అన్నారు మేడం. మా వైపు తిరిగి, "మీ గోడ ఎంత?" అన్నారు.

నేను లేచి చెప్పాను. నా తర్వాతి బ్యాచ్ నుంచి, పుంగనూరులో పాల కేంద్రం నడిపే ఆమె లేచి మూడు వేల ఎనిమిదొందల ఎనభై ఎనిమిది అంది. ఆ తర్వాతి బ్యాచ్ మన కండక్టరు. ఖాకీ చొక్కాతో, భుజాన సంచితో డ్యూటీ మధ్యలో దిగి వచ్చాడు. ఛాతీ విరుచుకుని చెప్పాడు. "మూడు వేల ఎనిమిదొందల ఎనభై ఎనిమిది!"

షెడ్డాయన తొడ చరిచాడు. "ఇన్నారా! అదీ ఇదీ ఒకటే. ఆ ఏడు నేను జరపలేదని వాళ్లే సెప్తాండారు. ఈళ్ల లెక్కలు నమ్మి గోడ ఆపేస్తారా?"

ఇంజనీరు తల పంకించాడు. సున్నం గీత వైపు చూశాను. నేను ఆడిన కోర్టు మొత్తం దానికి అవతలే ఉంది.

మేడం మాత్రం కండక్టరునే చూస్తున్నారు. వాడు తొమ్మిదిలో ఉన్న ఏడు ఆమె కాలు విరిగి సెలవులో ఉన్నారు. పిల్లలే టేపు పట్టుకుని వాళ్ల లెక్క వాళ్లే వేసుకున్నారు. అందుకే ఆ బ్యాచ్‌ను ఆమె ఎప్పుడూ గోడ అడగలేదు. ఇప్పుడు గొడుగు మెల్లగా పైకి లేచింది.

"గేటు తీసేసినావా?"

మీసాలున్న మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి. వాడి మొహం చూడాలి మీరు. "లేదు మేడం" అన్నాడు, తొమ్మిదో తరగతి గొంతుతో.

"గేటు తీసేసి సెప్పు."

వాడు ఆకాశం వైపు చూశాడు. వేళ్లు మడిచాడు. పెదాలు కదిలాయి. "మూడు వేల... ఎనిమిదొందల... ఏడు!"

"తర్వాత?" అన్నారు మేడం. వెనక నుంచి ఇంకొకరు లేచారు. "మూడు వేల ఏడొందల ఇరవై ఆరు మేడం!"

ఈసారి లేచి నిలబడింది ఇంజనీరు. "ప్రతిసారీ ఎనభై ఒకటే తగ్గుతోంది మేడం! వెనక గోడ ఆరడుగులు ముందుకొస్తే పక్క గోడలు అటు ఆరడుగులు, ఇటు ఆరడుగులు, కలిపి పన్నెండు తగ్గుతాయి" అన్నాడు. అతని కళ్లు మెరుస్తున్నాయి, లెక్క కుదిరినప్పుడు క్లాసులో మాకు మెరిసినట్టే. తన సున్నం గీతను తనే బూటుతో చెరిపేశాడు. "సర్వేయరు వచ్చేదాకా నేను పునాది తవ్వించను" అని సర్పంచితో చెప్పాడు.

సర్వేయరు వచ్చిన రోజు కూడా మేమంతా అక్కడే ఉన్నాం. ట్రేలు తీయించి, ఆయన చెప్పిన చోట తవ్వితే పలుగు ఠంగుమంది. హద్దు రాయి. అక్కడి నుంచి కొలిస్తే మూడు పక్కలూ కలిపి ఆరు వందల అడుగులు. మా బ్యాచ్ లెక్క! నలభై దగ్గర పడుతున్న ఆడదాన్ని, మైదానం మధ్యలో ఎగిరి గంతేశాను.

"ఎగిరింది సాల్లే. తరుగు పెట్టుకున్నావా?" అన్నారు మేడం. తర్వాత షెడ్డాయన వైపు తిరిగారు. "నీకు లారీ ఉండాది గదప్పా. ఇటుకలు తోలించు."

"తోలిస్తాలే టీచరమ్మా" అన్నాడాయన. నిజంగానే తోలించాడు. పాపం, పగిలినవి కూడా తక్కువే.

ఇట్లాంటి రోజు వస్తుందని ముందే తెలిసి మా చేత బట్టీ పట్టించారా అని తర్వాత అడిగాను. "నేనేమన్నా ప్రవక్తనా? ఏసిన లెక్క నోట్లో ఉండాలని సెప్పించినాను. అంతే" అన్నారు. అని, గొడుగు పిడి సవరించుకుంటూ నవ్వారు. ఆ నవ్వును నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను.

మొన్న మదనపల్లెలో సమాధి దగ్గర పాట అయ్యాక, ఎవరైనా రెండు మాటలు చెప్పండని పాస్టరుగారు అన్నారు. నేనే ముందుకు వెళ్లి నా గోడ చెప్పాను. పాలామె తనది చెప్పింది. కండక్టరు వచ్చి, చేతులు కట్టుకుని, "గేటు తీసేసి, మూడు వేల ఎనిమిదొందల ఏడు మేడం" అన్నాడు. ఏడుస్తున్నవాళ్లంతా నవ్వేశారు. బ్యాచ్ తర్వాత బ్యాచ్ వచ్చి చెబుతూనే ఉన్నారు. అంత గొప్పగా ఇంకెవరినీ సాగనంపడం నేను చూడలేదు.

తిరిగి కుప్పం వస్తూ బడి దగ్గర బస్సు దిగిపోయాను. సాయంత్రం వెలుతురు ఇంకా ఉంది. వెనక మైదానంలో ఆడపిల్లలు త్రోబాల్ ఆడుతున్నారు. ఒక పిల్ల విసిరిన బంతి అందరి తలల మీదుగా వెనక్కి దూసుకుపోయింది. పాత అలవాటు, నా కాళ్లు వాటంతటవే పరుగుకు లేచాయి. బంతి గోడకు తగిలి, రెండుసార్లు ఎగిరి, దొర్లుకుంటూ వెనక్కి వచ్చింది. దగ్గర్లో ఉన్న పిల్ల దాన్ని అందుకుని మళ్లీ విసిరింది. గోడ వైపు తిరిగి కూడా చూడలేదు.