ఎర్రమిట్ట మీద పలక ముక్క

నా చిన్నప్పుడు మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. నాయన అక్కడి పలకల కార్ఖానాలో పనిచేసేవాడు. మా పల్లె నుంచి రోజూ తెలతెలవారుతుండగా సైకిలెక్కి, నన్ను వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని, బడి దగ్గర దింపి పనికి పోయేవాడు. ఆయన వీపుకు చెంప ఆనించి సగం నిద్రలోనే ఆ దారంతా పోయేదాన్ని. మంచులో నల్లమల నీలంగా కరిగిపోతూ కనిపించేది. అది కొండో, నా కలో తెలిసేది కాదు.

ఒక ఏడు టైఫాయిడ్ వచ్చి వానాకాలమంతా నాయన మంచం పట్టాడు. లేచేసరికి మనిషి సగమయ్యాడు. దారిలో ఎర్రమిట్ట అని ఒక ఎత్తు ఉంది. మళ్లీ పనికి బయల్దేరిన మొదటిరోజు అది కొంచెం ఎక్కగానే రొప్పుతూ దిగిపోయాడు. నడిచి ఎక్కితే పనికి ఆలస్యం, బస్సు అయితే ఇంకా ఆలస్యం. చలికాలం పోయేదాకా ఓర్చుకుంటానని, తర్వాత వేరే మనిషిని చూసుకుంటానని కార్ఖానా యజమాని చెప్పాడు. నాయన పని పోతే నా బడి కూడా పోయినట్టే. ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

నాయన మాత్రం విరిగిన పలక ముక్క ఒకటి తెచ్చి, తాను దిగిన చోట దారి పక్కన నిలబెట్టాడు. "ఈడిదాకా వచ్చినాం. రేపు దీన్ని దాటితే సాలు" అన్నాడు. మర్నాడు బారెడు దాటి, ముక్కను అక్కడికి జరిపాడు. అట్లా రోజూ అది మెల్లగా పైకి పాకుతుంటే, నాకు మళ్లీ ఆకలి వేయసాగింది.

ఒకనాడు ఎదురుగాలి. నాయన రాత్రంతా దగ్గుతూనే ఉన్నాడు. ముక్క ఇంకా ఎంతో పైన ఉండగానే దిగిపోయాడు. సైకిలు నన్ను పట్టుకోమని, పైకి నడిచిపోయి, ముక్కను తెచ్చి నా కాళ్ల దగ్గర నిలబెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎందుకు తెచ్చినావు నాయనా? ఆడే ఉండనీ. ఎవురు సూస్తారు?"

"ఎవురూ సూడరు తల్లీ. నిన్నటి కాళ్లతో ఈ పొద్దు తొక్కలేం గదా" అన్నాడు. ఆ గొంతులో సిగ్గు లేదు, బాధా లేదు. చలిలో చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

శనగచేలు పండేనాటి ఒక ఉదయం, చెవుల్లో గాలి హోరుమంటే మెలకువ వచ్చింది. సైకిలు మిట్ట అవతలికి జారిపోతోంది. ఆయన దిగలేదు, నన్నూ దించలేదు. నాయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. సాయంత్రం వస్తూ ఆ ముక్కను నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు మోకాలి ఆపరేషన్ తర్వాత రోజూ మా వీధిలో నడుస్తున్నాను. ఆగిన చోట గోడవారగా ఆ ముక్కే పెడతాను. నిన్న నొప్పి ఎక్కువై ముక్కకు మూడిళ్ల ఇవతలే ఆగిపోయాను. మనవరాలిని పంపి ముక్క తెప్పించుకున్నాను.

"అక్కడే ఉండనీ అవ్వా, ఎవరు చూస్తారు?" అంది పిల్ల.

కళ్లు చెమర్చాయి. పిల్ల చేతిలోంచి ముక్క అందుకుని, నా కాలి పక్కన నిలబెట్టి, మెల్లగా ఇంటికి తిరిగాను.