బిడ్డకు ఏదీ దాచని మనిషి: మా బావ జయరాజు

కొద్ది నెలల కిందట ఒక మంగళవారం ఉదయం, కల్లూరులో నేను పనిచేసే కళాశాలలో ఛందస్సు పాఠం చెబుతుండగా అటెండరు తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఖమ్మం దవాఖానా నుంచి మా అక్క సుశీల ఫోను. "బావ పోయిండు ప్రసాదూ" అన్నది. బోర్డు మీద గణవిభజన సగంలో వదిలి వరండాలోకి వచ్చేశాను. గుండెపోటు మళ్ళీ రావచ్చునని వైద్యులు ముందే హెచ్చరించారు. మా కుటుంబంలో ఆ సంగతి తెలియని వారు లేరు. అయినా ఆ క్షణాన నా బుద్ధికి అది పూర్తిగా కొత్త వార్తగానే తోచింది.

మన చర్చి సంఘ పత్రిక పాఠకుల్లో చాలామందికి ఆయన సత్తుపల్లి బొగ్గు గనిలో డంపరు నడిపిన జయరాజుగా పరిచయం. మరికొందరికి నౌకాదళంలో చేరిన కెజియ తండ్రిగా తెలుసు. ఆ రెండు పరిచయాలూ సత్యమే. వాటి వెనుక ఉన్న మనిషిని గూర్చి నాలుగు మాటలు రాయమని సంఘ పెద్దలు నన్ను కోరారు. ఆయన నాకు అక్క భర్త. పాతికేళ్ళకు పైబడిన సాహచర్యం మాది.

ఇటువంటి వ్యాసాల పట్ల ఆయనకు సదభిప్రాయం లేదని మొదటే చెప్పాలి. మా కళాశాలలో ఒక అధ్యాపకుని పదవీవిరమణ సభకు ఆయన వచ్చారు. నేను ఆ సభలో సుదీర్ఘంగా, సమాసభూయిష్ఠంగా ప్రసంగించాను. తిరిగి వస్తూ దారిలో ఆయన అన్నారు: "మంచిగ మాట్లాడినవ్ ప్రసాదూ. కాని అది ఆ సార్ గురించి కాదు. ఎవరికైనా సరిపోతది." నొచ్చుకున్నాను. ఆయన మాటతో నొచ్చుకున్నవారు ఈ మండలంలో నేనొక్కణ్ణే కాదు. పాస్టరు గారితో సహా చాలామంది ఉన్నారు. మృదుభాషణం ఆయన స్వభావంలో లేదు. ఆ లోటును గుణంగా చిత్రించే ప్రయత్నం నేను చేయను.

అయితే ఆ స్వభావానికి ఒక మూలం ఉంది. యౌవనంలో ఆయన గోదావరిఖని వైపు కాంట్రాక్టు పనిలో ఉండగా, తమ్ముడు దానియేలు భద్రాచలం దగ్గర స్నేహితులతో గోదావరిలో దిగి మునిగిపోయాడు. ఇంటివారు ఆయనకు అసలు సంగతి చెప్పలేదు. దూరం నుంచి రావలసినవాడు, తట్టుకోలేడని, "అమ్మకు బాగలేదు, జల్దీ రా" అని కబురు పంపారు. దారి పొడుగునా తల్లి కోసం ప్రార్థిస్తూ, ఆమె కోసం బత్తాయిలు కొనుక్కొని వచ్చారు. తల్లి గుమ్మంలో కూర్చొని ఉంది. సమాధి కార్యక్రమం అప్పటికే ముగిసింది.

"అమ్మను చూసి సంతోషపడ్డ ప్రసాదూ. బతికే ఉన్నది గదా అని నవ్విన గూడ. అప్పుడు చెప్పిన్రు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే సిగ్గేస్తది" అని ఒకసారి నాతో అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కంఠంలో ఏ మార్పూ లేదు. నన్ను కాపాడనీకే చెప్పలేదంటరు, దేని నుంచి కాపాడిన్రో మాత్రం ఎవరూ చెప్పరు, అని ముగించారు.

ఆ ఇంట్లో పుట్టిన ఏకైక సంతానం కెజియ నౌకాదళంలో చేరతానన్నది. ఇంటర్మీడియెట్‌లో ఎన్‌సీసీ శిబిరాలకు వెళ్ళి వచ్చిన పిల్ల. పరీక్ష రాసి, ఎంపికై, ఆ తరువాతే ఇంట్లో చెప్పింది. మా అక్క ఏడ్చింది. నాయనమ్మ శాంతమ్మ గారు అన్నం ముట్టలేదు. ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను.

"ఒక కొడుకును నీళ్ళకిచ్చిన. ఇప్పుడు మనవరాలిని గూడ ఇయ్యమంటవా?" అని ఆమె కొడుకును అడిగింది.

"నేను ఇయ్యమంటలేనమ్మా. అది పోతనంటున్నది."

"నువ్వు తండ్రివి. వద్దను."

"ఏమని వద్దనాలె? తమ్ముడు పోయిండని అంటే, అది మన భయం. దాని భయం కాదు."

"నీకు భయం లేదా?"

"ఉన్నది" అన్నారు బావ. "నీళ్ళంటే నాకు నీకన్న ఎక్కువ భయం."

అది నిజం. సోదరుని మరణం తరువాత ఆయన మోకాటి లోతు నీటిలో కూడా దిగలేదు. భద్రాచలం వంతెన మీద బస్సు వెళుతుంటే కళ్ళు మూసుకునేవారని మా అక్క చెబుతుంది. అటువంటి మనిషి, శిక్షణకు వెళ్ళేలోగా కూతురికి ఈత రావాలని, ఆదివారం ఆరాధన ముగిశాక ఆమెను కల్లూరులో మా మేనమామ పొలానికి తీసుకువచ్చేవారు. అక్కడ మెట్లున్న పెద్ద వ్యవసాయ బావి ఉంది. మా మేనమామ కోడలు చిన్నతనం నుంచి ఈత నేర్చిన మనిషి. ఆమె కెజియకు నేర్పేది. బావ మొదటి వారం మోటారు గది పక్కన వీపు తిప్పుకొని కూర్చున్నారు. తరువాతి వారం మెట్ల దాకా వచ్చారు. ఆ పై వారం లుంగీ బిగించి, ఖాళీ నూనె డబ్బా ఒకటి నడుముకు కట్టుకొని తానూ నీళ్ళలో దిగారు.

గట్టు మీద ఉన్నవాళ్ళం నవ్వాము. నడివయసు దాటిన భారీకాయం, డబ్బా ఒక వైపు, మనిషి ఒక వైపు తేలుతున్న దృశ్యం అది. కెజియ కూడా నవ్వింది. ఆయనకు కోపం రాలేదు. నీకెందుకు బావా ఈ శ్రమ అని అడిగితే, "గట్టు మీద కూసుంటే నా మొఖం చూసి అది భయపడుతున్నది. లోపలుంటే నా మొఖం దానికి కనపడదు" అన్నారు. వేసవి ముగిసేసరికి కూతురికి చక్కని ఈత వచ్చింది. తండ్రికి మునగకుండా తేలడం మాత్రం వచ్చింది.

శిక్షణ ఒడిశాలో, చిలికా సరస్సు ఒడ్డున. ఆదివారం కొద్దిసేపు మాత్రమే ఫోను మాట్లాడనిచ్చేవారు. కొన్ని వారాలకు కెజియ ఏడుస్తూ ఫోను చేసింది. ఎత్తైన పలక మీది నుంచి కొలనులోకి దూకాలి. ఈత వచ్చు గాని, ఆ ఎత్తున నిలబడితే కాళ్ళు కదలడం లేదు. తోటి పిల్లలంతా దూకారు. "నాతోని కాదు నాన్నా. వచ్చేస్త" అన్నది. మా అక్క ఫోను లాక్కొని, వచ్చెయ్యి తల్లీ అనబోయింది. బావ చేయి అడ్డం పెట్టి తానే మాట్లాడారు.

"వస్తనంటే వచ్చి తీస్కపోత. సిగ్గుపడే పని కాదు. కాని ఒక్క వారం ఆగు. నేను గూడ ఇంతవరకు మెట్ల మీద దిగుడే తప్ప పైనుంచి దూకలే. దూకి, ఎట్లుంటదో చెప్త."

ఆ మధ్యాహ్నమే కల్లూరు వచ్చారు. బావి గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. నేను వద్దని వారించాను. మా మేనమామ కోడలు ముందుగా నీళ్ళలో దిగి, ఒక పక్కన తాడు పట్టుకొని ఉంది. ఆయన కళ్ళు మూసుకొని దూకారు. పైకి వచ్చాక మెట్ల మీద కూర్చొని దగ్గి దగ్గి నీళ్ళు కక్కారు. తరువాతి ఆదివారం కూతురికి ఆయన చెప్పిన మాటలు మా అక్క నోట విన్నాను. "దూకిన. కడుపుకు దెబ్బ తగిలింది. ముక్కుల్లకు నీళ్ళు పోయినయ్. భయం గూడ పోలే. కాని భయంతోనే దూకొచ్చు, అది తెలిసింది." ఆ వారమే కెజియ దూకింది.

శిక్షణ ముగియడానికి ముందే శాంతమ్మ గారు ఒక ఉదయం నిద్రలో కన్నుమూశారు. బంధువులందరూ ఒక్క మాట మీద నిలిచారు: పరేడ్ అయ్యేదాకా పిల్లకు చెప్పవద్దు, చదువుకునే మనసు చెదురుతుంది. పాస్టరు గారూ అదే అన్నారు. నేనూ అదే అన్నాను. బావ ఎవరి మాటా వినలేదు. గనిలో అలవడిన హిందీలో శిక్షణ కేంద్రం అధికారితో మాట్లాడి, కెజియను ఫోను దగ్గరకు పిలిపించారు.

"నాయనమ్మ పోయింది బిడ్డా, పొద్దుగాల. నొప్పి పడలే. నువ్వు పోయినందుకు కోపం చివరిదాక ఉండె. కాని నీ ఫోను వచ్చిందా అని రోజు అడిగేది. సెలవు ఇయ్యరట, అడిగిన. ఏడువు. నేను లైన్లనే ఉంట."

ఫోను చెవికి ఆనించుకొని, అవతలి ఏడుపు ఆగేదాకా అట్లాగే నిలబడ్డారు. లోపల తల్లి పార్థివదేహం ఉంది. బయట పెట్టె తెచ్చినవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆ దినాన ఆయన కఠినత్వాన్ని గర్హించని వారు లేరు. మా అక్క చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పరేడ్‌కు మేం ముగ్గురం వెళ్ళాము. అందరూ ఒకే తెల్లని దుస్తులు, ఒకే కత్తిరింపు జుట్టు, ఒకే నడక. బావ ఒక పిల్లను చూపి, అదిగో మన కెజియ అని లేచి నిలబడి, కవాతు సాగినంతసేపు చప్పట్లు కొట్టారు. ముగిశాక మా కెజియ వేరే వరుసలో నుంచి వచ్చి ఎదుట నిలబడింది. "ఇంకో పిల్లను చూసి మురిసిన. ఆ పిల్ల ఇంటోళ్ళు వచ్చిన్రో లేదో, దానికి గూడ ఒకరు చప్పట్లు కొట్టినట్టయింది" అన్నారు. ఆయన కళ్ళు తడవడం నేను చూసింది ఆ ఒక్కనాడే.

ఈ ఏడు ఎండాకాలంలో, డ్యూటీ దిగి డంపరు పక్కనే కూలబడ్డారు. ఖమ్మం తీసుకుపోయాము. గుండె చాలా బలహీనపడిందనీ, గుండెపోటు మళ్ళీ వస్తే కష్టమనీ వైద్యులు చెప్పారు. అప్పుడు కెజియ విశాఖపట్నంలో ఉంది. ఆమె ఓడ కొద్ది రోజుల్లో దీర్ఘ ప్రయాణానికి బయలుదేరవలసి ఉంది. మా అక్క మంచం పక్కన కూర్చొని బతిమాలింది.

"ఈ ఒక్కసారి నా మాట విను. ఓడ ఎక్కినంక చెప్దాం."

"ఓడ ఎక్కినంక చెప్తే అదేం చేస్తది సుశీలా? నడి సముద్రంల నిలబడి ఏడ్వాలె. ఎక్కకముందు చెప్తేనే, ఉండుడా పోవుడా అన్నది దాని చేతిలుంటది."

ఆయనే ఫోను చేశారు. వైద్యుడు చెప్పిన మాటలు తగ్గించకుండా, పెంచకుండా చెప్పారు. రమ్మంటవా నాన్నా అని ఆమె అడిగినట్లుంది. "రమ్మనను, వద్దనను. నువ్వొస్తే సంతోషం. ఓడ ఎక్కితే గూడ సంతోషం. రెండూ నిజమే" అన్నారు.

కెజియ స్వల్పమైన సెలవు మీద వచ్చింది. తండ్రికి గడ్డం గీసింది, బత్తాయి రసం పట్టింది, పక్కన కూర్చొని ఓడలో వంట ఎంత చప్పగా ఉంటుందో చెప్పి నవ్వించింది. తిరిగి వెళ్ళే ఉదయం ఆయన ఆమె చేయి పట్టుకొని, నేను వింటుండగానే అన్నారు: "నువ్వు నీళ్ళ మీద ఉన్నప్పుడు నేను పోతే, నీకోసం సమాధి ఆపొద్దని మీ అమ్మకు చెప్పిన. నువ్వొచ్చేసరికి మట్టి అయిపోతది. ఇది తెలిసి పో."

ఆమె తల ఊపింది. వంగి ఆయన నుదురు ముద్దు పెట్టుకొని వెళ్ళిపోయింది.

మరణవార్త ఓడకు చేరవలసిన సమయం వచ్చినప్పుడు మేం తటపటాయించాము. విశాఖపట్నం కార్యాలయానికి ఫోను చేసింది మా అక్కే. అవతలి అధికారి దయగల మనిషి. తండ్రికి సీరియస్‌గా ఉందని ముందు చెప్పించమంటారా అని తెలుగులోనే అడిగారు. మా అక్క కొంగుతో ముఖం తుడుచుకొని, "వద్దు సార్. చనిపోయిండనే చెప్పండి. ఆయన గట్లనే చెప్పమనేటోడు" అన్నది.

ఆయన కోరినట్లే సమాధి చేశాము. ఓడ రేవు తాకిన తరువాత కెజియ వచ్చింది. ఇంటినిండా బంధువులు. ఒక పెద్దమ్మ ఆమెను కావలించుకొని, ఆఖరి చూపు కూడ దక్కలేదు కదా తల్లీ అని శోకించింది. కెజియ ఆమె కన్నీళ్ళు తుడిచి నిదానంగా చెప్పింది: "దక్కింది పెద్దమ్మా. చూసే పోయిన. అదే ఆఖరిది కావచ్చని నాకూ తెలుసు, నాన్నకూ తెలుసు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె మరొక మాట కూడా చెప్పింది. ఓడలో తోటి పిల్లలు ఇంటికి మాట్లాడి, ఫోను పెట్టేశాక ఆలోచనలో పడేవారట: అమ్మ గొంతు ఎందుకు అట్లా ఉంది, ఏదైనా దాస్తున్నారా అని. "నాకు గట్ల ఎన్నడూ లేదు మామయ్యా. నాన్న బాగున్నమంటే బాగున్నట్టే. నేను పండుకొని నిద్రపోయేదాన్ని."

ఒక తండ్రి బిడ్డకు ఇవ్వగల బలం ఎన్ని విధాలో నాకు తెలియదు. సముద్రం మీద ఉన్న బిడ్డకు నిశ్చింతమైన నిద్ర ఇవ్వగలిగిన ఒక తండ్రిని మాత్రం ఎరుగుదును. ఆ ఋజువర్తనుని ఆత్మకు ప్రభువు సన్నిధిలో శాంతి కలుగుగాక. ఆయన ఉన్నచోట ఈ వ్యాసం చదివితే, ఇందులో ఎక్కువ పలికిన మాటలేవో తప్పక ఎత్తి చూపుతారు.

కెజియ తిరిగి విధుల్లో చేరింది. రేవులో ఉన్నప్పుడల్లా ఇంటికి ఫోను చేస్తుంది. మా అక్క బాగానే ఉన్నానని చెబుతుంది. ఇప్పుడు కెజియ రెండోసారి కూడా అడుగుతున్నది: "నిజంగనేనా అమ్మా?"