శనివారం నల్లకుక్క

నాకు కుక్కలంటే చచ్చేంత భయం. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే మస్కట్‌లో మా బిల్డింగు పిల్లలంతా ఇప్పుడు నన్ను "డాగ్ ఆంటీ" అంటున్నారు. వీధి చివర కుక్క మొరిగితే ఇంట్లో తలుపు గడియ వేసుకునే రకాన్ని. అలాంటిదాన్ని ప్రతి శనివారం పొద్దున్నే పాత చుడీదార్ వేసుకుని, బర్కా దగ్గర ఖర్జూరం తోటల మధ్య ఉన్న కుక్కల ఆశ్రమానికి పరుగెత్తేదాన్ని. దీనికంతటికీ కారణం కాకినాడలో కూర్చున్న మా అత్తగారు.

"అబ్బాయికి ఏలినాటి శనంటమ్మాయ్," అన్నారు ఒకరోజు వీడియో కాల్‌లో. "సిద్ధాంతిగారు చూశారు. శనివారం శనివారం నల్లకుక్కకి నువ్వులనూనె రాసిన రొట్టె పెట్టాలంట. ఒకటే కుక్కకి పెట్టాలి. అది తృప్తిగా తినాలి. ఊరికే ముందు పడేసి వచ్చేస్తే లాభం లేదు."

మామూలు రోజుల్లో అయితే నవ్వేసేదాన్నే. కానీ అప్పటికి మా ఆయన కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. దూరాన దుక్మ్ రేవు దగ్గర వాళ్లు చేస్తున్న పని సగంలో మందగించింది. ఈయన కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పడం లేదు. వీసా ఆ ఉద్యోగంతోనే, ఇల్లు ఆ ఉద్యోగంతోనే, పాప స్కూలూ దానితోనే. ఆయన భోజనానికి కూర్చోగానే నేను ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తూ "ఏమన్నారండీ?" అని అడిగేదాన్ని. "ఏమంటారే? ఏమీ అనలేదు," అని రెండు ముద్దలు తిని లేచిపోయేవారు. కూర బాగాలేదేమో అనుకుని మర్నాడు ఇంకోటి చేసేదాన్ని. అదీ అంతే.

సరే, నల్లకుక్క. మస్కట్‌లో నల్లకుక్క ఎక్కడ దొరుకుతుంది నా మొహం! వాదీలనే ఇక్కడి ఎండిపోయిన వాగుల వెంట తిరిగే కుక్కలన్నీ ఇసుక రంగులోనే ఉంటాయి. ఆఖరికి పక్క ఫ్లాట్ మలయాళీ ఆవిడ ఈ ఆశ్రమం సంగతి చెప్పింది. ఫోన్ చేస్తే, బయటివాళ్లు తిండి పెట్టడానికి వీల్లేదు, వలంటీర్లయితే రావచ్చు అన్నారు. అంతే, నేను వలంటీర్నయ్యాను.

దాన్ని నడిపేది వయసు మళ్లిన ఒక ఇంగ్లీషావిడ. "ఎందుకు రావాలనుకుంటున్నారు?" అని అడిగింది. "కుక్కలంటే ప్రాణం," అన్నాను. ఆ మాట పూర్తవుతుండగానే వెనకనుంచి ఏదో తడిముక్కు నా కాలికి తగిలింది. అమ్మో అని కుర్చీ ఎక్కి నిలబడ్డాను. ఆవిడ నన్నూ కుర్చీనీ కాసేపు చూసి, చేతికి రబ్బరు తొడుగులు ఇచ్చింది.

కుక్కల దొడ్లు కడిగే అతను మాత్రం నన్ను ఒక్క నిమిషంలో పట్టేశాడు. జగిత్యాల వైపు మనిషి. నా సంచీలోంచి రొట్టెల డబ్బా తీయగానే మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు.

"ఏందక్కా, సార్‌కు శని వట్టిందా?"

"నీకెవరు చెప్పారయ్యా?"

"శనివారం నాడు నల్లకుక్క యాడున్నదని అడుగుతున్నవ్, డబ్బాల నువ్వులనూనె వాసన. ఇంకేముంటది? గంత నూనె పెట్టకక్కా. దానికి కడుపు జారితే రేపు ఎత్తిపోసేది నేనే."

ఆశ్రమం మొత్తం మీద నల్లకుక్క ఒక్కటే ఉంది. దుక్మ్ వైపు ఏదో లేబర్ క్యాంపులో తిరిగేదట. అక్కడి పని అయిపోయి మనుషుల్ని పంపించేశాక ఇది ఖాళీ షెడ్ల దగ్గర మిగిలిపోయింది. ఎవరో బండిలో వేసుకొచ్చి ఇక్కడ దింపారు. ఒక చెవి చిరిగి ఉంటుంది. బూట్లు వేసుకున్న మనిషి కనబడితే గోడకి అతుక్కుపోతుంది. మిగతా కుక్కల్ని ఎవరో ఒకరు వచ్చి పెంచుకోవడానికి తీసుకుపోయేవాళ్లు, కొన్ని విమానమెక్కి పరదేశాలకి కూడా పోయేవి. దీన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఫోటో తీస్తే నల్లగా ముద్దలా పడుతుందే తప్ప మొహం కనబడదు. దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు గానీ నాకు నోరు తిరగలేదు. "ఒరేయ్" అనేదాన్ని.

ఆ ఒరేయ్ గాడు నా రొట్టె తినలేదు. మొదటి శనివారం తినలేదు, ఆ తర్వాతా తినలేదు. నేను భయం దిగమింగుకుని దొడ్లోకి వెళ్లి, రొట్టె ముందు పెట్టి, కళ్లలోకి చూస్తూ "తిను నాన్నా, తిను బంగారం" అని బతిమాలేదాన్ని. అది గోడవైపు మొహం తిప్పుకునేది. సాయంత్రం కాకినాడ నుంచి ఫోన్. "ఏవమ్మా, తిన్నదా?" "తిన్నదత్తయ్యా." "తృప్తిగానా?" ఏం చెప్పను!

ఈలోపు వలంటీరుగా నా చేత చేయించని పని లేదు. నీళ్ల తొట్లు తోమాను, కుక్కల ఒంటిమీద గోమార్లు ఏరాను, మూడు కాళ్ల కుక్కని షికారు తిప్పాను. ఒంటి నిండా కుక్కల కంపుతో ఇంటికొచ్చేదాన్ని. మా ఆయన ఒకటే నవ్వు. "శని నాకు పట్టిందో నీకు పట్టిందో అమ్మని మళ్లీ అడగవే," అనేవారు. ఆయన నవ్వేది ఆ ఒక్క సందర్భంలోనే. అందుకని నేనూ ఇంకాస్త కలిపి చెప్పేదాన్ని.

ఒక శనివారం నాకు ఒళ్లు మండిపోయింది. ఎండ మాడ్చేస్తోంది, ఆ వారం ఆఫీసులో మరో ఇద్దర్ని ఇంటికి పంపించారు. ఈ మహారాజు చూస్తే రొట్టె వాసన కూడా చూడటం లేదు. "తింటే తిను, లేకపోతే పో. నీ కాళ్లు పట్టుకోవాలా?" అని అరిచి, బకెట్ బోర్లించుకుని దాని వైపు వీపు పెట్టి కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కుక్క మీద అలిగిన ఆడదాన్ని నేను ఒక్కదాన్నే అయ్యుంటాను.

కాసేపటికి వెనకాల నమిలే చప్పుడు వినబడింది. తిరిగి చూశానో లేదో, ఆపేసింది. మళ్లీ అటు తిరిగాను. మళ్లీ చప్పుడు.

అప్పటినుంచి అదే పద్ధతి. వీపు పెట్టి కూర్చోవడం, చెయ్యి వెనక్కి పెట్టి రొట్టె ముక్క పట్టుకోవడం. మొదట్లో ముక్క కింద పెడితే తినేది. తర్వాత వేళ్లకి మీసాలు తగిలేవి. ఆ తర్వాత ఓ రోజు రొట్టె అయిపోయాక కూడా పోలేదు. దాని వీపు తెచ్చి నా వీపుకి ఆనించి కూర్చుంది. భయంతో బిగుసుకుపోయాను. కాసేపటికి ఆ బిగుసుకుపోవడం ఎప్పుడు వదిలిందో తెలియలేదు. ఇంటికి వెళుతూ దారంతా ఒకటే గందరగోళం. నేను దీనికి రొట్టె పెట్టేది ఆయన కోసమా, దీని కోసమా? తృప్తిగా తినడమంటే ఇదేనా? అసలు తృప్తి ఎవరికి?

ఇలా శనివారాలు గడుస్తుండగా ఓ రోజు ఆశ్రమంలో ఇంగ్లీషావిడ పరుగున వచ్చి నన్ను కావలించుకుంది. జర్మనీలో ఒక కుటుంబం నల్లకుక్కని అడిగిందట. భార్యాభర్తలు, ఒక చిన్న పిల్ల. వచ్చే శనివారం వీడియోలో చూస్తారట. మనుషుల దగ్గరికి వస్తుందని నమ్మకం కుదిరితేనే తీసుకుంటారట, లేదంటే ఇంకో కుక్కని చూసుకుంటారట. "మీ ఒక్కరి దగ్గరికే వస్తాడు. మీరే చూపించాలి," అంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. నేను నవ్వుతూనే, ఇది వెళ్లిపోతే రొట్టె ఎవరికి పెట్టాలా అని లెక్క వేసుకున్నాను.

అత్తగారికి చెప్పాను. "ఇదేం చోద్యం! మధ్యలో కుక్కని మారిస్తే దోషం తగలదూ? అబ్బాయి కాంట్రాక్టు తేలేదాకా ఆగమను. ఆ జర్మనీ వాళ్లకి అక్కడ కుక్కల్లేవా?"

శుక్రవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయనకి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ముద్ద కలుపుతున్నవారు చెయ్యి ఆపేశారు.

"ఒక్క నెల ఆగమంటే ఆగరా?"

నేను తెల్లబోయాను. "మీకు నమ్మకం లేదన్నారుగా!"

"లేదే," అన్నారు. కంచంలోకి చూస్తూ మళ్లీ, "అయినా... ఒక్క నెలేగా," అన్నారు.

ఆయన ఇంతగా భయపడుతున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. రోజూ ఎదురుగా కూర్చుని మొహం చూస్తున్నదాన్ని, ఏం చూశానో మరి.

శనివారం వెళ్లాను. ఎలా వెళ్లానో నాకే తెలియదు. కుక్క వెళ్లకుండా ఆపడం ఎంత తేలికో తెలుసా? నేను అబద్ధం చెప్పక్కర్లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. నిలబడి ఉన్న మనిషి దగ్గరికి అది రాదు. జర్మనీ వాళ్లు ఇంకోదాన్ని చూసుకుంటారు, నల్లకుక్క ఇక్కడే ఉంటుంది, శనివారాలు సాగిపోతాయి.

ఇంగ్లీషావిడ కంచె బయటనుంచి ఫోన్ పట్టుకుంది. తెరమీద ముగ్గురు ఇరుక్కుని కూర్చున్నారు. ఆ పిల్ల ముక్కు తెరకి అతుక్కుపోయేంత దగ్గరగా ఉంది. నేను దొడ్డి మధ్యలో నిలబడ్డాను. కుక్క గోడ పక్కనే ఉండిపోయి నన్ను చూస్తోంది. ఇంగ్లీషావిడ పిలవమంటోంది. "ఒరేయ్" అన్నాను. రాలేదు. రాదని తెలిసే పిలిచాను.

"ఏమైందక్కా, కూసోవా ఇయ్యాల?" అన్నాడు జగిత్యాల అతను చీపురు పట్టుకుని.

కూర్చోవాలని నిర్ణయించుకున్నానని చెప్పలేను. ఆయన మొహం గుర్తొచ్చింది, పాప స్కూలు గుర్తొచ్చింది, దుక్మ్‌లో ఖాళీ షెడ్లు గుర్తొచ్చాయి. ఆ కుక్క మాత్రం బకెట్ వైపు చూసింది. ప్రతి వారం నేను బోర్లించుకునే బకెట్ అది. దాని తోక కొస కొంచెం కదిలింది. అంతే, నా చెయ్యి దానంతటదే బకెట్ బోర్లించింది. వీపు పెట్టి కూర్చున్నాను, చెయ్యి వెనక్కి పెట్టాను. గోళ్ల చప్పుడు దగ్గరకొచ్చింది. రొట్టె తీసుకుంది. ఆ తర్వాత బరువుగా, వెచ్చగా నా వీపుకి ఆనుకుంది. ఫోన్‌లో పిల్ల కేరింతలు కొట్టింది. నేను ఏడుస్తుంటే ఇంగ్లీషావిడ సంతోషం అనుకుంది. ఏమో, అదీ ఉందేమో.

నల్లకుక్క విమానమెక్కిన రోజు అత్తగారు మాట మార్చారు. "పోన్లే అమ్మాయ్, శని కూడా దాంతోనే సముద్రం దాటిపోయింది." ఆ తర్వాతి వారమే మా ఆయన్ని పిలిచి, కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పేశారు. "నేను ముందే మొత్తుకున్నానా, మధ్యలో వదలొద్దని!" అన్నారు అత్తగారు. రెండు మాటలూ ఒక్క నోటితోనే. ఏది పట్టుకుని ఏడవాలో అర్థం కాలేదు. ఆ రోజు నేను నిలబడే ఉంటే ఉద్యోగం నిలబడేదా? ఛ, కుక్కకీ కాంట్రాక్టుకీ ఏమిటి సంబంధం! అని తిట్టుకున్నాను. మళ్లీ ఓ పక్కన, ఏమో, అని గుబులు.

జగిత్యాల అతన్ని అడిగాను, నువ్వేమంటావని. "నాకేమెరుకక్కా? నా పాత కంపెనీ బందువడ్డప్పుడు నేను ఏ కుక్కకూ రొట్టె పెట్టలే. తెల్లారి ఈడ పని దొరికింది. గదెట్ల దొరికిందో గది కూడ ఎరుకలేదు," అని తొట్టి తోముకోవడంలో పడ్డాడు.

వారం తిరక్కుండా ఇంగ్లీషావిడ ఫోన్. కుక్క అక్కడ సరిగ్గా తినడం లేదట. ముగ్గురూ చుట్టూ కూర్చుని గంటలకొద్దీ బతిమాలుతున్నారట, వెనక్కి పంపాలేమో అని బెంగపడుతున్నారట. "చుట్టూ కూర్చుంటే ఎలా తింటాడండీ! అటు తిరిగి కూర్చోమనండి. వాడి వైపు చూడొద్దనండి," అన్నాను కోపంగా.

మరుసటి శనివారం మధ్యాహ్నం ఫోటో వచ్చింది. వంటగదిలో నేలమీద తండ్రి, తల్లి, పిల్ల వరసగా గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఎవరి మొహమూ కనబడదు. వాళ్ల వెనకాల నల్లకుక్క గిన్నెలో తల పెట్టి ఉంది.

చూపిద్దామని ఫోన్ పట్టుకుని వచ్చాను. మా ఆయన భోజనాల బల్ల దగ్గర అన్నం కలపకుండా కూర్చుని ఉన్నారు. ఉద్యోగం పోయినప్పటినుంచీ అంతే. నేను ఎదురుగా కూర్చుని, తినండీ, కాస్త తినండీ, ఏం ఆలోచిస్తున్నారు, అని ప్రాణం తోడేస్తున్నాను. ఆయన మెతుకులు కెలికి లేచిపోతున్నారు. నన్ను చూడగానే ఆయన మొహం అటు తిప్పుకున్నారు. గోడవైపు.

ఫోన్ బల్లమీద బోర్లించాను. కుర్చీ ఆయన పక్కకి లాక్కుని, అటు తిరిగి, ఆయనకి వీపు పెట్టి కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కిటికీలోంచి ఎదురు బిల్డింగు మీద నీళ్ల ట్యాంకులు కనబడుతున్నాయి, వాటినే చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి వెనకాల కంచం చప్పుడైంది.

"ఆవకాయ ఉందా?" అన్నారు.

తిరగకుండానే సీసా వెనక్కి అందించాను.