మోచేతి ఎత్తు

“ఇంకోసారి ఆ కటింగ్ మిషన్ స్విచ్ వేశావో, నీ మీద ఒట్టు, దాన్ని కిటికీలోంచి విసిరేస్తా!”

“నాలుగంగుళాలే... కోసేసి... ఆపేస్తా.”

“నాలుగంగుళాల పొట్టు చాలు నిన్ను తీసుకుపోడానికి! డాక్టరు చెప్పిందంతా చెవిటోడి ముందు శంఖమేనా?”

మెట్ల మీద నిలబడి విన్నాను. పై గది నాది, కింది వాటా మేస్త్రీది, నేను అక్కా అని పిలిచే ఆయన భార్యది. చేతిలో వైర్ల చుట్ట ఉంది కాబట్టి లోపలికి వెళ్ళక తప్పలేదు.

మేస్త్రీ ముప్ఫయ్యేళ్ళు వంటింటి అరలు చేసే షెడ్డులో పనిచేశాడు. ఆ షెడ్డు నేను చూశాను. ట్యూబులైటు కూడా పొట్టు పట్టి పచ్చగా వెలుగుతుంది. టీ గ్లాసుకి అరచెయ్యి మూత పెట్టుకుని తాగుతారు. ముక్కుకు కట్టుకునే మాస్కులు తనిఖీ రోజు బయటికొచ్చి, సాయంత్రానికి మళ్ళీ బీరువాలోకి పోతాయి. ఇప్పుడాయన ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. మూడు మాటలకోసారి ఆగి గాలి వెతుక్కుంటాడు. డాక్టరు ఏళ్ళు చెప్పలేదు, నెలలు చెప్పాడు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, అక్కకి తెలుసు. ఆరో తరగతి చదివే కూతురికి, మేమంతా మిడత అని పిలిచేదానికి, తెలియదని వాళ్ళిద్దరూ అనుకుంటారు.

మిడతకి బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారు: పారేసే సామానుతో ఏదైనా చెయ్యాలి. అది నిలబడి ఆడుకునే వీడియోగేమ్ పెట్టె చేస్తానంది. ఎవరో విప్పి పడేసిన వంటింటి తలుపుల ప్లైవుడ్డూ, నా పాత మానిటరూ, కాలేజీ మానేశాక అటక మీద పడి ఉన్న నా చిన్న కంప్యూటరు బోర్డూ కలిపాం. కొన్నవి మీటలూ జాయ్‌స్టిక్కే. గీతలు గీసింది, వైర్లు అతికింది మిడత. పక్కన కూర్చుని తిట్టింది నేను. కోసింది మాత్రం ఆయన. అదీ అక్క బజారుకెళ్ళిన గంటలో, మూతికి తడిగుడ్డ కట్టుకుని.

తీరా నిన్న నిలబెట్టి చూస్తే మీటలు బిగించిన బల్ల మిడత ఛాతీ దాకా వచ్చింది. అడుగున కోసి దించాలని ఆయన, వద్దని అక్క. అదీ గొడవ.

“ముప్ఫయ్యేళ్ళ చెయ్యి, కొలత ఎలా తప్పింది మేస్త్రీ?” అన్నాను.

అక్క పెట్టెకేసి అనుమానంగా చూసి, దాని పక్కన నిలబడి మోచెయ్యి మడిచింది. వంటగట్టు ఎవరికి కట్టినా ఆయన ఇలాగే కొలిచేవాడు: వండే మనిషిని నిలబెట్టి, మోచేతికి నాలుగు వేళ్ళ కింద పెన్సిల్‌తో గుర్తు. మీటల బల్ల సరిగ్గా అక్క మోచేతికి నాలుగు వేళ్ళ కింద ఉంది.

“నన్ను కొలిచి చేశావా?”

“అదీ... నీ అంత అవుతుందిగా.”

“అయ్యాక కొలవొచ్చుగా!” అనేసి, అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెట్టె వెనకాల ఉన్న మిడత తల ఎత్తలేదు. బిగించిన మరనే మళ్ళీ బిగిస్తూ కూర్చుంది.

మేస్త్రీయే తేల్చాడు: “కోత వద్దులే... పీట చేద్దాం.”

మూల పడి ఉన్న సొరుగు చెక్కలు అయిదు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చాం. నేను సుత్తి అందుకుంటే ఆయన మంచం మీంచే కసిరాడు. “మేకులొద్దు. మరలు. ఒక్కో చెక్క... కిందిదానికి విడిగా బిగించు.”

“పీటకి కూడా ఇంత సింగారమా?”

“చెప్పింది చెయ్యరా, సగం ఇంజనీరూ.”

చేశాను. మిడత ఎక్కి నిలబడితే మీటలు చేతికి సరిగ్గా అందాయి. ఆట మొదలైంది. అక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. గిన్నెల చప్పుడు మాత్రం వినపడలేదు.

మేస్త్రీ నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచాడు.

“నువ్వు ఏ పనీ... చివరిదాకా చేసే రకం కాదు.”

“ఊరంతటికీ తెలుసు.”

“అందుకే కట్టే పని... చెప్పట్లేదు. విప్పే పనే.” గాలి కోసం ఆగాడు. “ఎక్కడున్నా... ఏడాదికోసారి రా. దాని మోచెయ్యి కొలువు. నాలుగు వేళ్ళు... నీవి కాదు, దానివి. మీటలు అంతకంటే కిందికి దిగితే... పైనుంచి ఒక చెక్క తీసెయ్.”