కొలంబో గౌన్లు

నా మనవరాలు, అంటే మా పెద్దమ్మాయి కూతురు, పోయిన ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని తెనాలి వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి చేతిలో ఫోను వదల్లేదు. ఎండాకాలం సెలవులకు ఏదో దీవుల దేశంలో సముద్రం ఒడ్డున రిసార్టు చూసుకుంటోంది. మంచం మీద పడుకుంటే సముద్రం కనిపిస్తుందట, తలుపు తీసి అడుగేస్తే నీళ్ళేనట. నాలుగేళ్ళ మునిమనవరాలు అప్పుడే గాలి ఊదిన గుండ్రటి ట్యూబు నడుముకు తగిలించుకుని ఇల్లంతా తిరుగుతోంది. అన్నానికి కూర్చున్నా తియ్యనివ్వదు. దేవుడి గదిలోకీ దాంతోనే వచ్చి గుమ్మంలో ఇరుక్కుపోతే, నేనే హారతి పళ్ళెం పక్కన పెట్టి దాన్ని వెనక్కి లాగాను. ఈ వయసులో ఇంట్లో పిల్లల అలికిడి వినే భాగ్యం ఇచ్చినందుకు స్వామికి ఆ పూట ఇంకోసారి దణ్ణం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం చింతపండు ముందేసుకుని గింజలు తీస్తుంటే మనవరాలు పక్కన చేరింది. "అమ్మమ్మా, ఒక మాట. ఆ రిసార్టులో పిల్లల్ని రానివ్వరట. పెద్దవాళ్ళకి మాత్రమేనట. కానీ చాలా బాగుంది. వీళ్ళిద్దర్నీ నీ దగ్గర వదిలి వెళ్దామనుకుంటున్నాం. నాలుగు రోజులేలే" అంది. ట్యూబు వేసుకున్న పిల్ల అవతల గదిలో కుర్చీలకు గుద్దుకుంటూ తిరుగుతోంది. "పిల్లలు రాకూడని సముద్రం ఏంటే? ఎవరు పెట్టారే ఆ నియమం?" అన్నాను. నా గొంతు అంత గట్టిగా పలుకుతుందని నాకే తెలియదు. అది బిత్తరపోయి, "నీకు కష్టమైతే వద్దులే అమ్మమ్మా" అంది. కష్టమా! వాళ్ళు నా దగ్గరుంటే నాకు రోజూ పండగే. నా కోపం దాని మీద కాదు. అది యాభై ఏళ్ళ నాటి కోపం, మా బావగారి మీదిది. పోయిన మనిషి. ఆయనకు ఉత్తమ లోకాలు కలగాలనే రోజూ దీపం దగ్గర అనుకుంటాను. అనుకుని లేచి నిలబడేసరికి మళ్ళీ కోపం వస్తుంది.

డెబ్భైల మొదట్లో మాట. మాది తెనాలిలో ఉమ్మడి కుటుంబం. బావగారికి, మా ఆయనకు కలిపి నిమ్మకాయల కమీషన్ కొట్టు. కలిపి అన్న మాటే గానీ, బావగారు మాట్లాడేవారు, మా ఆయన బస్తాలు చూసుకునేవారు. అన్నగారి మాటకు ఎదురు చెప్పడం మా ఆయనకు పుట్టుకతో రాలేదు. బావగారు వ్యాపారం పని మీద ఒకసారి కొలంబో వెళ్ళొచ్చారు. వెళ్ళినప్పుడు తెల్ల చొక్కాతో వెళ్ళిన మనిషి పూల చొక్కాతో దిగారు. అక్కడ సముద్రం ఒడ్డున హోటల్లో దిగారట. ఇసకలో గొడుగు కింద వాలు కుర్చీ వేస్తారట, కొబ్బరి బొండానికి గొట్టం పెట్టి చేతికిస్తారట, కూర్చున్న చోటికే అన్నీ వస్తాయట. మా ఇంట్లో కూడా ఆయన కూర్చున్న చోటికే అన్నీ వచ్చేవి. తెచ్చేది బావగారి భార్య, మా అక్కయ్య, నేను. అది ఎప్పుడూ ఆయనకు విశేషంగా కనిపించలేదు.

"వచ్చే వేసవికి ఇంటిల్లిపాదీ కొలంబో!" అని భోజనాల దగ్గర ప్రకటించేశారు. రామేశ్వరం దాకా రైలు, అక్కడి నుంచి ఓడ. నాకైతే రామేశ్వరం అన్న మాట చెవిన పడగానే చేతిలో నెయ్యి గిన్నె ఆగిపోయింది. మా నాన్న నన్ను బడికి పంపలేదు గానీ, రేపల్లెలో మా ఇంటి వసారాలో కూర్చోబెట్టి అక్షరాలూ, స్తోత్రాలూ, ధర్మాలూ ఆయనే నేర్పారు. రామేశ్వరంలో బావి బావికీ ఎలా స్నానం చెయ్యాలో చెప్పి, "నేను పోలేకపోయానమ్మా, నువ్వు పోతావు" అనేవారు. ఆ మాట నిజం కాబోతోందని పొంగిపోయాను. ఇక పిల్లల సంబరం చెప్పక్కర్లేదు. నాకిద్దరాడపిల్లలు, పెద్దదానికి అయిదో ఏడు, చిన్నదానికి మూడు. అక్కయ్యకు ఒక్కడే కొడుకు, వాడికి ఆరు దాటాయి. ముగ్గురూ పెరట్లో నీళ్ళ తొట్టి చుట్టూ చేరి ఓడలాట ఆడేవారు. మా పెద్దది రోజూ పొద్దున లేవగానే, "సముద్రం ఇవాళేనా?" అని అడిగేది. "ఇవాళ కాదమ్మా, తప్పకుండా తీసుకెళ్తాం" అని నేను మాటిచ్చేదాన్ని.

బావగారు చీరాల నుంచి ఒక గుడ్డ తాను తెప్పించారు. పసుప్పచ్చ మీద ఎర్ర పూలు. కొలంబోలో అందరూ అలాంటివే వేస్తారట. మా వీధి చివర సాయిబుగారు మా అరుగు మీదే మిషను పెట్టుకుని కుట్టారు. బావగారికి చొక్కా, వాళ్ళబ్బాయికి చొక్కా, ఆడపిల్లలకు గౌన్లు, ఇంకా మిగిలితే దిళ్ళకు గలేబులు. ఆ రోజుల్లో ఆడపిల్లల గౌను అడుగున మడత మీద మడత పెట్టి కుట్టించేవాళ్ళం. పిల్ల ఎదిగినకొద్దీ ఏటా ఒక మడత విప్పేవాళ్ళం. సాయిబుగారు మా పెద్దదాన్ని నిలబెట్టి కొలిచి, "సముద్రపు నీళ్ళమ్మా, గుడ్డ ముడుచుకుపోద్ది. ఇంకో మడత పెడతా, పిల్ల పెద్దదయ్యే దాకా కొలంబో గౌనే తొడగొచ్చు" అన్నారు. పుణ్యాత్ముడు, మడత కుట్టినందుకు ఏమీ తీసుకోలేదు.

అక్కయ్య, నేను వారం పైగా పొయ్యి దగ్గరే ఉన్నాం. జంతికలు, చెక్కలు, సున్నుండలు, పిల్లలకు ఓడలో వాంతులవుతాయని ఉప్పులో ఊరేసిన ఉసిరికాయ ముక్కలు. డబ్బాలు వరసగా పేర్చి పైన గుడ్డ కట్టాం. అప్పుడు, ప్రయాణం దగ్గర పడ్డాక, బావగారు ముందు గదిలో పడక్కుర్చీలో కూర్చుని అక్కయ్యను పిలిచి చెప్పారు. "పిల్లలు వద్దు. ఆ హోటల్లో దొరల్లాంటి వాళ్ళు దిగుతారు, పిల్లలంటే గోల. వీళ్ళని రేపల్లెలో మరదలి పుట్టింట్లో వదిలేద్దాం. మీ ఇద్దరూ రండి."

ఆ కాలంలో మరదలు బావగారితో ముఖాముఖి మాట్లాడకూడదు. తలుపు వెనక నిలబడి అక్కయ్యకు చెప్పాలి, అక్కయ్య ఆయనకు చెప్పాలి. ఆయన విననట్టే కూర్చుని అక్కయ్యకు జవాబు చెప్పాలి. మధ్యలో ఉన్నది ఒక చెక్క తలుపు, అదీ చిల్లులుపడ్డది. "అక్కయ్యా, పిల్లలకి మాటిచ్చారు కదా అని అడగండి" అన్నాను. అక్కయ్య, "మాటిచ్చారు కదా అంటోంది" అంది. "పిల్లలకిచ్చిన మాట మాటేంటి, రెండ్రోజుల్లో మర్చిపోతారు" అన్నారాయన. "పిల్లలు రాని చోటికి నేనూ రానని చెప్పండక్కయ్యా" అన్నాను. అంటున్నప్పుడు రామేశ్వరం నా కళ్ళ ముందే ఉంది. అక్కయ్య ఆ మాట అందించడమే కాకుండా, "నేనూ రాను" అని తన సొంత మాట ఒకటి చేర్చింది. ఆ తల్లికి జన్మంతా రుణపడి ఉంటాను. బావగారు విసనకర్ర ఆడించుకుంటూ, "రాకపోతే మానెయ్యమను. టిక్కెట్లు వృథా పోవు" అన్నారు. పోలేదు. మార్కెట్లో ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వెళ్ళారు. మా ఆయన కొట్టు చూసుకోవాలి కాబట్టి ఉండిపోయారు. వెళ్తూ వెళ్తూ బావగారు మేం కట్టిన డబ్బాలన్నీ బండికెక్కించారు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే. మేం వండిన జంతికలు కొలంబో చూశాయి, మా పిల్లలు చూడలేదు.

ఓడ ప్రయాణం లేదని తెలిసి మా పెద్దది ఏడవలేదు. గౌను తొడుక్కుని వెళ్ళి అరుగు మీద కూర్చుంది, అంతే. అన్నానికి పిలిస్తే రాలేదు. దాన్ని చూసి మా అత్తగారికి కొడుకు మీద ఎక్కడలేని కోపం వచ్చింది. "వాడొక్కడికేనా సముద్రం? మనకి బాపట్ల లేదా? రేపే పోదాం, లేవండే!" అంది. గుమ్మడికాయ కొయ్యడానికి కూడా పంచాంగం చూసే మనిషి ఆవిడ. ఆ కోపంలో పంచాంగం ముట్టుకోలేదు. మా ఆయన స్టేషన్ దాకా వచ్చి పాసింజరెక్కించి, జాగ్రత్త అని చెప్పి, కిటికీ దగ్గరే నిలబడ్డారు. ఇంకేదో అందామనుకున్నారు. రైలు కదిలింది. ఆయన అనుకున్న మాటలన్నీ జీవితమంతా రైళ్ళు కదిలాకే గుర్తొచ్చేవి.

బాపట్లలో దిగి సూర్యలంకకు జట్కా మాట్లాడుకున్నాం. జట్కావాడు ముగ్గురు పిల్లల్నీ, వాళ్ళ ఒకే రకం పూల బట్టల్నీ చూసి, "బ్యాండు మేళమా మామ్మగారూ? వాయిద్యాలు వెనక బండిలో వస్తన్నాయా?" అన్నాడు. మా అత్తగారు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయింది. "అమ్మాయ్, ఇవాళ శుక్రవారం కదే!" శుక్రవారం, పైగా ఏ పర్వమూ లేని రోజు. పర్వదినం కాని రోజున సముద్రాన్ని చూడాలే గానీ ముట్టుకోకూడదని మా వైపు గట్టి పట్టింపు. మాఘ పున్నానికో కార్తీక పున్నానికో మునిగేవాళ్ళు కూడా మామూలు రోజున దూరం నుంచి దణ్ణం పెట్టి తిరిగొచ్చేవారు. "చూసి వచ్చేద్దాం. ఎవరూ ముట్టుకోవద్దు" అని తీర్పు చెప్పేసింది.

సరుగుడు తోటలు దాటి ఇసకలోకి దిగేసరికి పిల్లలు నోళ్ళు తెరిచి నిలబడిపోయారు. అంత నీళ్ళు! నేనూ మొదటిసారి చూడ్డం. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ముగ్గురూ పరుగు తియ్యబోతే అత్తగారు ముగ్గురి గౌన్లూ చొక్కా ఒక్క గుప్పిట్లో పట్టేసింది. మా పెద్దది నా వంక చూసింది. ఆ చూపు ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. మాటిచ్చింది పెద్దవాళ్ళు, తప్పింది పెద్దవాళ్ళు, నియమం కూడా పెద్దవాళ్ళదే. నీళ్ళ ముందు నిలబడి ఎండిపోవాల్సింది మాత్రం పిల్లలా?

"అత్తయ్యగారూ, పసిపిల్లలకి నియమమేంటండి? అయిదేళ్ళ లోపు వాళ్ళకి పాపమూ అంటదు, పుణ్యమూ అంటదు. ముట్టుకోవద్దన్నది మనకి" అన్నాను.

"మీ నాన్న చెప్పాడా?"

"చెప్పారండి."

"రేపల్లెలో శాస్త్రాలన్నీ సుఖంగానే ఉంటాయే" అంది ఆవిడ. అని, "మరి వీడికి ఆరు నిండాయిగా, వీణ్ణేం చెయ్యమంటావ్?" అని మనవడి వంక చూసింది. వాడు పెదవి బిగించి ఏడుపు ఆపుకుంటున్నాడు. వాడికి శాస్త్రం నా దగ్గర లేదు. అక్కయ్య తల దించుకుంది. మా అత్తగారు కాసేపు సముద్రం వంక, అవతల ఎక్కడో కొడుకున్న వైపు చూసి, గుప్పిట వదిలేసింది. "వీళ్ళ తిండి మోసుకుపోయినవాడు పాపం చూసుకున్నాడా, పుణ్యం చూసుకున్నాడా? పోండ్రా! ఏదన్నా ఉంటే వాడి ఖాతాలో పడుద్ది."

పిల్లలు పడ్డారు నీళ్ళలో. లేచారు, మళ్ళీ పడ్డారు. మేం ముగ్గురం మాత్రం చీరలు ఎత్తిపట్టుకుని పొడి ఇసకలోనే నిలబడ్డాం, నియమం నియమమే కదా. అంతలో ఒక పెద్ద అల వచ్చి ముగ్గురినీ మోకాళ్ళ దాకా తడిపి పోయింది. అక్కయ్య కెవ్వుమంది. మా అత్తగారు కదల్లేదు. తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంటూ, "మనం ముట్టుకోలేదే అమ్మాయ్, అదే వచ్చి ముట్టుకుంది" అంది. ఆ అలకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తీరదు.

బావగారు తిరిగొస్తూ పిల్లలకు గవ్వల దండలు తెచ్చారు. అచ్చంగా అలాంటివే సూర్యలంకలో మేమూ కొన్నాం. ఫోటో కూడా తెచ్చారు. గొడుగు కింద వాలు కుర్చీలో పూల చొక్కాతో ఆయన, చేతిలో బొండం, చుట్టూ ఇసక. పటం కట్టించి ముందు గదిలో పెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించి, "ఇలాంటి చోట్లకి పిల్లల్తో పోలేమండి" అని చెప్పేవారు. ఎన్నోసార్లు విన్నాను. ఒకనాడు నలుగురు వ్యాపారస్తులు కూర్చుని ఉండగా, కాఫీ గ్లాసులు ఇస్తూ, తలుపు లేకుండా, అక్కయ్య లేకుండా, పుట్టాక మొదటిసారి ఆయనతో మాట్లాడాను. "బావగారూ, మీ కుర్చీ పక్కన చాలా ఖాళీ ఉందండి."

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఆ ఒక్కసారీ రైలు కదలకముందే నవ్వారు. మర్నాటికి పటం లోపలి గదిలోకి పోయింది. అంతకు మించి బావగారు దిగే మనిషి కాదు, నేనూ అంతకు మించి అడగలేదు. రామేశ్వరం నాకు ఆ తర్వాతా కుదరలేదు. దానికి బాధ లేదు. స్వామి ఎక్కడున్నా స్వామే. పిల్లల వయసు మాత్రం మళ్ళీ రాదు.

ఇదంతా చెప్పి, లేచి వెళ్ళి ఇనప్పెట్టెలోంచి మా పెద్దదాని గౌను తీశాను. "ఇది అమ్మదా!" అంది మనవరాలు. సాయిబుగారు చెప్పినట్టే ఏటా ఒక మడత విప్పుతూ వచ్చాం. చివరి మడత విప్పేలోగా భుజాల దగ్గర బిగుతై దాన్ని తొడగడం మానేశాం. ఎర్ర పూలు కనిపించనంతగా వెలిసిపోయి, గుడ్డ గంజి రంగుకొచ్చింది. నేను సూది మొనతో ఆ చివరి మడత కుట్లు ఒక్కొక్కటే విప్పాను. లోపల పసుపు పసుపుగా, ఎరుపు ఎరుపుగా, నిన్న తానులోంచి చింపినట్టు ఉంది. మనవరాలు దాని మీద వేలు పెట్టి రుద్ది చూసింది. ట్యూబు వేసుకున్న పిల్ల వచ్చి, "తాతమ్మా, సముద్రం ఇవాళేనా?" అని అడిగింది. మనవరాలు ఫోను తీసుకుని అరుగు మీదకు వెళ్ళింది. కాసేపటికి దాని గొంతు వినిపించింది. "పిల్లల్తో వస్తామండి... లేదండి, వాళ్ళు లేకుండా కాదండి... అయితే ఇంకో చోటేదన్నా చూపించండి."

కాలం ఎంత ఎండ కాసినా పైకి కనిపించే గుడ్డనే వెలిసిపోయేలా చెయ్యగలదు. మడతలో కుట్టి పెట్టుకున్నది ఎప్పుడు విప్పినా నిన్నటిదే.