చెంబు నీళ్ళ పరీక్ష

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోసీ మోసీ అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

పుదుచ్చేరిలో, నెల్లితోపు బజారులో, నాది గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు. సునామీకి ముందటి ఏడు మా వీధి గోవిందు అన్న ఒక వాచీ తెచ్చాడు. టూరిస్టులకు సముద్రంలో డైవింగ్ నేర్పే ఒక ఫ్రెంచాయన దగ్గర అన్న పడవ నడిపేవాడు. వాచీ ఆయనది. సెల్లు అయిపోయింది. ఆయన చెన్నై పంపుతానంటే, మా తమ్ముడే చేస్తాడని నా తరఫున అన్న పూచీపడి తెచ్చాడు.

చూడటానికి మామూలు ముళ్ళ వాచీయే. కానీ ఒక మీట నొక్కితే సెకను ముల్లు తిరిగి ఉత్తర దిక్కు చూపిస్తుంది. ఇంకో మీట నొక్కితే నీళ్ళలో ఎంత లోతున ఉన్నామో చెబుతుంది. అలాంటిది నా బల్ల మీదికి రావడం అదే మొదలు. నాకు పొగరెక్కింది. సంతోషమని అనవచ్చు గానీ అది అబద్ధం.

సెల్లు మార్చి మూత బిగించేటప్పుడు నీళ్ళు దూరకుండా ఆపే లోపలి రబ్బరు రింగు ఒకచోట నలిగింది. చూశాను. కొత్త రింగు చెన్నై నుంచి రావాలి. రెండు రోజులు ఆగమంటే వీడికి చేతకాదనుకుంటారేమో. అందుకని మా పనివాళ్ళందరం చేసేదే చేశాను. చెంబులో నీళ్ళు పోసి, వాచీ ముంచి, బుడగలు వస్తాయేమో చూశాను. రాలేదు. అంత లోతు సముద్రానికి చెంబెడు నీళ్ళు ఏం సాక్ష్యం చెబుతాయి? ఆ అనుమానం అప్పుడే వచ్చింది. వచ్చినా, వాచీ తుడిచి ఇచ్చేశాను.

నాలుగో రోజు ఇద్దరూ కొట్టుకొచ్చారు. అద్దం లోపల నీళ్ళు. ముళ్ళు ఆగిపోయాయి. ఎలా అయిందని ఫ్రెంచాయన ఇంగ్లీషులో అడిగాడు, నెమ్మదిగానే. మూత విప్పాను. రింగు నలిగిన చోటే ఉప్పు చార. దాన్ని వేలితో కప్పేసి, ముళ్ళు తిప్పే పక్క కీ బిగించకుండా ఎవరో వదిలేశారని, నీళ్ళు అక్కణ్ణుంచే దూరాయని అన్నాను. అదే మాట తెలుగులో అన్నకూ చెప్పాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నాది జారలేదు. కావాలనే అన్నాను.

అన్న వాదిస్తాడనుకున్నాను. తల దించుకున్నాడు.

"నేనేనేమో తమ్ముడూ. నీ కాడ తీసుకున్న దినం ఇంటికి కట్టుకోని పోయినా. పిలకాయలకి చూపిస్తా ఆ కీ తిప్పినా. మళ్ళా బిగిచ్చినానో లేదో గ్యాపకం లేదు. ఆయనకి నువ్వే చెప్పు, నాకు ఇంగ్లీషు యాడొచ్చు."

చెప్పాను. చెయ్యని తప్పును అన్న ఒప్పుకుంటుంటే, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి నా నోటితోనే చెప్పాను.

ఆ వారంతోనే అన్నకు పడవ పని పోయింది. ఇప్పటికీ సోలై నగర్‌లో చేపల ఐసు పెట్టెలు మోస్తున్నాడు.

అన్న వాదించి ఉంటే నిజం చెప్పేవాడినా? చెప్పేవాడిని కాదనే అనిపిస్తుంది. అన్న ఆ తప్పు తన మీద వేసుకున్న క్షణంలో నాకు హాయిగా అనిపించింది, అన్నిటికంటే దానికే ఎక్కువ సిగ్గుపడతాను. ఆయన చేతికి వాచీ కట్టడు. టైము పక్కవాళ్ళను అడుగుతాడు. "మనకి అయ్యి అచ్చిరావులే తమ్ముడూ" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఒకసారి చెప్పేద్దామని వాళ్ళింటికి పోయాను. వదిన కాఫీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

ఇది తెలుగులో రాస్తున్నాను. చిన్నప్పుడు నెల్లూరులో పని నేర్చుకుంటూ ఈ అక్షరాలు నేర్చుకున్నాను. మా వీధిలో ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే అయినా చదవగలిగేవాళ్ళు లేరు. తమిళంలో రాస్తే ఎవరో ఒకరు గోవిందు అన్నకు చదివి వినిపిస్తారు. అది తెలిసే తెలుగులో రాశాను. రాశాక గుండె కాస్త తేలికపడింది, కాదనను. ఆయన మాత్రం ఆ కీ తానే వదిలేశానని నమ్ముతూనే ఉంటాడు.